ముందు ఎత్తు, వెనక పల్లం: ట్రైలర్ మట్టం గురించి మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ట్రైలర్ల గురించినవే ఎక్కువ. అన్నింటి సారం ఒకటే: ట్రైలర్ మట్టంగా నిలబడకపోవడం. గాజువాక ఆటోనగర్‌లో ట్రైలర్ల కింద పడుకుని పనిచేసిన మనిషిని కాబట్టి ఈ విషయం మీద కాస్త వివరంగానే రాస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్‌ని. మా అబ్బాయి టెక్సాస్‌లో ఉంటాడు. ఈమధ్య 34 అడుగుల ఫిఫ్త్ వీల్ రకం క్యాంపర్ ట్రైలర్, అంటే చక్రాల మీద ఇల్లు లాంటిది, కొన్నాడు. పికప్ ట్రక్కు వెనక సామాను తొట్టి (బెడ్)లో ఉండే హిచ్ అనే లంకెకి దాని ముక్కు తగిలించి లాగుతాడు. వేసవిలో మమ్మల్ని, కోడల్ని ఎక్కించుకుని గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళ్తానంటున్నాడు. వాట్సాప్‌లో ఫొటో పంపితే ట్రైలర్ ముందు భాగం పైకి లేచి వెనక్కి వాలినట్టు కనిపించింది. కొలవమంటే ఛాసిస్ ఎత్తు ముందు 38.5 అంగుళాలు, వెనక 35 అంగుళాలు వచ్చిందట. పికప్ బెడ్ గోడకీ ట్రైలర్ అడుక్కీ మధ్య ఏడున్నర అంగుళాల సందు ఉందట. ట్రక్కు వెనక రెండంగుళాలు కుంగిందని, కమాను పట్టీల దగ్గర గాలితో పైకి లేపే ఎయిర్ బ్యాగులు వేయిస్తాడట. అమ్మినవాళ్లు మాత్రం 'కొంచెం ఎత్తుంటే ఏం కాదు' అన్నారట. నిజంగా ఏం కాదా? ఇంకో మాట, దారిలో నడుం నొప్పి వస్తే నేను ట్రైలర్‌లో పడుకోవచ్చా?
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: టీచర్ గారూ, మీ కంటికి కనిపించింది నిజమే. మూడున్నర అంగుళాలు 'కొంచెం' కాదు. అర అంగుళం, అంగుళం తేడా ఉంటే నేనూ వదిలేయమనేవాణ్ని. మరీ తప్పదనుకుంటే ముందు భాగం అర అంగుళం దిగి ఉన్నా ఫర్వాలేదు గానీ ఇంత లేచి ఉండకూడదు.

ఎందుకో చెబుతాను. మీ అబ్బాయి ట్రైలర్‌కి రెండు యాక్సిళ్లు ఉంటాయి. కమాను పట్టీలున్న ట్రైలర్ అయితే ఆ రెంటి మధ్య ఈక్వలైజర్ అని ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. త్రాసు దండెలా అటూ ఇటూ ఊగుతూ రెండు యాక్సిళ్ల మీదా బరువు సమానంగా పడేలా చూస్తుంది. ఛాసిస్ వెనక్కి వాలితే ఆ ముక్క ముందే ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఇంక గతుకు వచ్చినప్పుడు ఊగడానికి దానికి చోటు మిగలదు. అప్పుడు వెనక యాక్సిల్ మీద బరువు పెరుగుతుంది, ముందు యాక్సిల్ తేలికవుతుంది. బ్రేకు తొక్కితే తేలిక చక్రాలు ముందే బిగుసుకుని రోడ్డు మీద జారతాయి. వెనక చక్రాల టైర్లు, బేరింగులు వేడెక్కుతాయి. వేసవిలో అరిజోనా ఎడారి రోడ్డు మీద అసలే టైరు కాగిపోతుంటుంది, దానికి ఈ అదనపు బరువు తోడవుతుంది. ట్రైలర్ టైరు పేలిందంటే అది చక్రంతో ఆగదు. పైనున్న ఫ్లోరు, వైర్లు, గ్యాస్ పైపు వరకూ చీల్చుకుపోతుంది. కమాను పట్టీలకు బదులు లోపల రబ్బరు కడ్డీలుండే టార్షన్ యాక్సిళ్లయితే ఇంకా జాగ్రత్త కావాలి. వాటికి ఈక్వలైజరే ఉండదు, వాలు ఎంత ఉంటే అంత బరువు నేరుగా వెనక యాక్సిల్ మీదికి పోతుంది. మీ అబ్బాయి ట్రైలర్‌కి ఉన్నది ఏ రకమో ముందు అడగండి.

ఇప్పుడు ఎయిర్ బ్యాగుల సంగతి. ట్రక్కు రెండంగుళాలు కుంగడం జబ్బు కాదు. వెయ్యి కిలోల బరువు వీపు మీద పడితే కమాను పట్టీలు కుంగాలి, అందుకే ఉన్నాయవి. పైగా ఆలోచించండి: ట్రక్కు వెనక భాగాన్ని గాలితో పైకి లేపితే దాని మీద కూర్చున్న ట్రైలర్ ముందు భాగం కూడా లేస్తుంది. మూడున్నర ఉన్న తేడా అయిదున్నర దాకా పోతుంది. డబ్బు ఖర్చు పెట్టి రోగాన్ని పెంచుకోవడమే అది. ఎయిర్ బ్యాగుల వల్ల ట్రక్కు మోయగల బరువు ఒక్క పౌను కూడా పెరగదు. యాక్సిల్, చక్రాలు, టైర్లు పాతవే కదా. ట్రక్కు ముందు చక్రం పైన మడ్‌గార్డు ఎత్తు ట్రైలర్ తగిలించక ముందు, తగిలించాక కొలవమనండి. ఫిఫ్త్ వీల్ హిచ్ వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైనో, కాస్త ముందుకో ఉండాలి. అలా ఉంటే ట్రక్కు ముందు భాగం లేవదు. లేచిందంటే హిచ్‌ని వెనక్కి బిగించారని అర్థం. అది వెంటనే సరిచేయాలి, ఎందుకంటే స్టీరింగ్ తేలికైతే మలుపులో బండి మాట వినదు.

మట్టం ఎలా తేవాలి? ముందు సరిగ్గా కొలవాలి. ఖాళీ ట్రైలర్‌ని ఇంటి ముందు కొలిస్తే లాభం లేదు. ప్రయాణంలో ఎంత సామాను ఉంటుందో అంతా ఎక్కించి, నీళ్లు నింపి, ట్రక్కులో మనుషుల్ని కూర్చోబెట్టి, తగిలించి ఉన్నప్పుడు కొలవాలి. నేల కూడా మట్టంగా ఉండాలి. టెక్సాస్‌లో పెద్ద షాపుల ముందు విశాలమైన కాంక్రీటు స్థలాలుంటాయి కానీ వాటికీ వాన నీరు పోవడానికి వాలు ఇస్తారు. మన తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు ఒకటి చాలు, ట్రైలర్ రెండు చివర్లా నేల ఎత్తు తేలిపోతుంది. చిన్న రసమట్టం ట్రైలర్ ఫ్లోరు మీద పెట్టి చూసి నమ్మొద్దు, ఫ్లోరు చెక్క ఉబ్బి ఉండొచ్చు. టేపు ఛాసిస్ ఇనుముకే పట్టాలి.

తర్వాత అసలు చిక్కు. కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లు బాగా ఎత్తు. వాటి బెడ్ గోడకి తగలకుండా ట్రైలర్‌ని పైకి పెట్టి బిగిస్తారు, అందుకే ముందు భాగం లేస్తుంది. మీవాడి విషయంలో జరిగిందీ అదే అయి ఉంటుంది. హిచ్ తలకి ఎత్తు మార్చుకునే రంధ్రాలుంటాయి. ట్రైలర్ ముక్కున కింగ్‌పిన్ (హిచ్‌లో దూరే ఇనుప పిన్ను) బిగించి ఉండే పిన్ బాక్స్‌కీ ఉంటాయి. హిచ్‌ని దించినా, పిన్ బాక్స్‌ని ఛాసిస్ మీద పైకి జరిపినా ట్రైలర్ ముందు భాగం దిగుతుంది. కానీ ఎంత దిగితే గోడ మీది సందు అంత తగ్గుతుంది. ఆ సందు 6 అంగుళాలకు తగ్గకూడదు. పెట్రోలు బంకులోకి వాలుగా ఎక్కేటప్పుడు, గతుకులో ట్రక్కు ఒక పక్కకి ఒరిగినప్పుడు ట్రైలర్ అడుగు గోడని కొట్టి సొట్ట పెడుతుంది. ఏడున్నరలో ఆరు పోతే మీ చేతిలో ఉన్నది ఒకటిన్నర అంగుళం. లెక్కల టీచరు గారు కాబట్టి మిగతాది మీకే తెలుసు: ఇంకో రెండంగుళాలు వెనక నుంచి రావాలి.

అంటే ట్రైలర్ చక్రాల దగ్గర ఎత్తు పెంచాలి. కమాను పట్టీలు వేలాడే బ్రాకెట్లకీ ఛాసిస్‌కీ మధ్య రెండంగుళాల ఉక్కు బాక్సు పెట్టి కట్టించడం ఒక పద్ధతి. నా ఓటు దానికే. యాక్సిల్ కింద ఉన్న కమాను పట్టీలని యాక్సిల్ పైకి మార్చడం ఇంకో పద్ధతి. అక్కడ చాలామంది ఇదే చేస్తారు, చవక కూడా. కానీ అలా చేస్తే అయిదంగుళాల దాకా లేస్తుంది. రెండు కావలసిన చోట అయిదు వస్తే ఈసారి ముందు భాగం దిగిపోతుంది, బండి మొత్తం బరువు పైకి జరిగి ఎదురుగాలికి, పక్క గాలికి ఊగుతుంది. ఏది చేయించినా వెల్డింగ్ తెలిసిన ట్రైలర్ షాపులోనే చేయించాలి. చేయించాక పైకప్పు మీది ఏసీ దాకా ఎత్తు కొలిచి, ఆ అంకె రాసి స్టీరింగ్ ముందు అంటించుకోమనండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వాహనం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు, ఈ క్యాంపర్లు చాలావరకు ఆ హద్దు దగ్గరే ఉంటాయి. పిన్ బాక్స్ బోల్టులు విప్పితే టార్క్ రెంచితో కంపెనీ చెప్పినంత బిగించి, కొద్ది దూరం లాగాక మళ్లీ చూడాలి.

మట్టం కంటే ముందు ఇంకో టెన్షన్ తీరాలి, అది బరువు. మీ ఉత్తరం చదివి నాకు భయమేసింది దాని గురించే. మన కాటాల్లాగే అమెరికా హైవేల మీద ట్రక్ స్టాపుల్లో వేబ్రిడ్జిలుంటాయి. ట్రక్కు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ యాక్సిళ్లు మూడూ విడివిడిగా చీటీలో వస్తాయి. ఒకసారి తగిలించి తూయాలి, మరోసారి ట్రైలర్ విప్పేసి ట్రక్కు ఒక్కదాన్నే తూయాలి. ఉదాహరణకి ట్రక్కు ఒక్కటే 8,100 పౌన్లు తూగి, తగిలించినప్పుడు దాని రెండు యాక్సిళ్లూ కలిపి 10,500 తూగితే, కింగ్‌పిన్ మీద 2,400 పౌన్లు కూర్చున్నట్టు. అదే చీటీలో ట్రైలర్ యాక్సిళ్లు 9,600 చూపిస్తే ట్రైలర్ మొత్తం 12,000. అంటే అయిదో వంతు పిన్ మీద ఉంది. ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి ఇది 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి, 20 దగ్గరుంటే మంచిది. 15 కంటే తగ్గితే తోక ఊగడం మొదలవుతుంది.

కానీ ఆ 2,400 ట్రక్కు మోయగలదా? డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని రాసి ఉంటుంది. ఆ అంకె 2,900 అనుకుందాం. పిన్ 2,400, హిచ్ ఇనుము 150, మీరు నలుగురూ కలిపి 620. మొత్తం 3,170. పరిమితి దాటిపోయింది! లాగే శక్తి ఎంత ఉందో అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు, మోసే శక్తి గురించి ఎవరూ చెప్పరు. ఇలాంటప్పుడు ట్రైలర్ ముందు అరల్లో పెట్టిన జనరేటర్, పనిముట్లు, డబ్బాలు తీసి చక్రాల పైకి జరిపితే పిన్ బరువు తగ్గుతుంది. నీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూడాలి, 60 గ్యాలన్ల నీళ్లే 500 పౌన్లు. సర్దాక మళ్లీ తూయాలి. అప్పటికీ తగ్గకపోతే పెద్ద ట్రక్కు కావాలి. పెద్ద ట్రక్కు వస్తే దాని ఎత్తు వేరు, మళ్లీ మట్టం కొలత మొదటికొస్తుంది. అందుకే ముందు తూచి, తర్వాతే వెల్డింగుకి వెళ్లమంటున్నాను.

చివరి ప్రశ్నకి జవాబు: వద్దమ్మా. కొన్ని రాష్ట్రాల్లో నడుస్తున్న ఫిఫ్త్ వీల్‌లో కూర్చోనిస్తారు, కొన్నింట్లో నేరం. మీ దారిలో రెండు మూడు రాష్ట్రాలు దాటాలి. చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. ఆ మంచానికి సీటు బెల్టు లేదు, లోపల సామాను అంతా కదిలేదే. నడుం నొప్పి వస్తే బండి ఆపించి, అప్పుడు వెళ్లి పడుకోండి. తల్లి అడిగితే ఏ కొడుకూ ఆపకుండా ఉండడు.

ప్రశ్న: నాకు ఒకే ఒక ట్రైలర్ ఉంది. మూడు యాక్సిళ్లది, 40 అడుగులు. పోర్టు నుంచి కంటైనర్లు తోలుతాను. ట్రైలర్‌ని లాగే పాత పుల్లర్ బండి అమ్మేసి వేరేది తీసుకున్నాక చివరి యాక్సిల్ టైర్లు మిగతావాటికంటే చాలా ముందే అరిగిపోతున్నాయి. అలైన్‌మెంట్ చేయించాను, తగ్గలేదు. టైరు కంపెనీ మార్చమంటారా?
— ట్రైలర్ ఓనరు, శీలానగర్

జవాబు: తమ్ముడూ, టైరు మార్చకండి. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: 'పుల్లర్ మార్చాక'. టీచరు గారి అబ్బాయి క్యాంపర్‌కీ మీ కంటైనర్ ట్రైలర్‌కీ కింగ్‌పిన్ కొలత ఒకటే, రెండంగుళాలు. జబ్బూ ఒకటే.

పుల్లర్ మీద ట్రైలర్ కూర్చునే ఫిఫ్త్ వీల్ ప్లేట్లు 150, 185, 250 మిల్లీమీటర్లు ఇలా రకరకాల ఎత్తుల్లో వస్తాయి. దాని కింద ఛాసిస్ ఎత్తు, టైరు సైజు కూడా బండికో రకం. పాత పుల్లర్ మీద మట్టంగా ఉన్న ట్రైలర్ కొత్తదాని మీద రెండు మూడు అంగుళాలు లేచి ఉంటుంది. లోడు వేసి, తగిలించి, మట్టమైన నేల మీద నిలిపి, ట్రైలర్ ప్రధాన బీము ఎత్తు ముందూ వెనకా కొలవండి. శీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ దాకా పోర్టు రోడ్డు పక్కన మాత్రం కొలవొద్దు, ఆ మార్జిన్లన్నీ కుంగిపోయి ఉంటాయి. వేబ్రిడ్జి ప్లాట్‌ఫారం మీదే కొలవడం మేలు, అది మట్టంగానే కట్టి ఉంటుంది. అక్కడే చివరి యాక్సిల్ ఒక్కదాన్నే ప్లాట్‌ఫారం మీద ఉంచి కూడా తూయించండి. 2018లో కేంద్రం పెంచిన లెక్క ప్రకారం మూడు యాక్సిళ్లూ కలిపి 27 టన్నులు మోయొచ్చు, అంటే ఒక్కోదానికి 9. చివరిది ఒక్కటే 10, 11 చూపిస్తే టైరు ఏ కంపెనీదైనా నిలవదు. మొత్తం 27 లోపే ఉంది కదా అని సరిపెట్టుకోవద్దు.

తేడా తేలితే ప్లేటుని తక్కువ ఎత్తుదానికి మార్పించండి. అయితే ప్లేటు దించాక మలుపులో ట్రైలర్ ముందు భాగం పుల్లర్ ఛాసిస్‌కి, వెనక టైర్లకి తగలకుండా ఖాళీ ఉందో లేదో తిప్పి చూసుకోవాలి.

ఇంకోటి అడగాలి. బరువైన 20 అడుగుల కంటైనర్ ఒక్కటే వచ్చినప్పుడు ఎక్కడ పెట్టిస్తున్నారు? దించడం సులువని వెనక చివర పెట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. అప్పుడు కింగ్‌పిన్ మీద బరువు పడదు, పుల్లర్ డ్రైవ్ చక్రాలకి పట్టు ఉండదు, ఆ భారమంతా చివరి యాక్సిల్ మోస్తుంది. వర్షంలో లంకెలపాలెం దగ్గర హైవే మీద అలాంటి బండి బ్రేకు తొక్కితే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కంటైనర్ మధ్యలో ఉండాలి. స్టీలు ప్లాంటు నుంచి బిల్లెట్లు, వైర్ రాడ్ చుట్టలు ఎత్తే బండ్లకీ ఇదే మాట, అక్కడైతే ఇంకా ముఖ్యం. ఇనుము తక్కువ చోటులో ఎక్కువ బరువు, బండి నిండినట్టు కంటికి కనిపించదు.

ప్రశ్న: అంకుల్, నేను క్లీనర్‌గా ఉంటూ డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. ట్రైలర్ తగిలించినప్పుడు 'టక్' అని శబ్దం వస్తే లాక్ పడినట్టే అంటాడు మా డ్రైవరు. నిజమేనా?
— కూర్మన్నపాలెం

జవాబు: శబ్దాన్ని నమ్మకు బాబూ. కింగ్‌పిన్ సరైన చోట పడకుండా, దాన్ని పట్టుకునే లాక్ దవడల పైన కూర్చున్నా ఒక్కోసారి ఆ శబ్దం వస్తుంది. ట్రైలర్ కాళ్లు మరీ ఎత్తుగా ఉన్నప్పుడు ఇలా జరుగుతుంది. రెండు వీధులు బాగానే వస్తుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరో, ఎన్ఏడీ జంక్షన్ వైపు ఎక్కేటప్పుడో ట్రైలర్ జారి పడుతుంది. వెనక బైకు మీద వచ్చేవాడి గతి ఆలోచించు.

పుల్లర్‌ని వెనక్కి నడిపే ముందే దిగి చూడు. ట్రైలర్ అడుగు ప్లేటు, ఫిఫ్త్ వీల్ ప్లేటు కంటే అర అంగుళమో అంగుళమో కిందికి ఉండాలి. పుల్లర్ లోపలికి దూరుతున్నప్పుడు ట్రైలర్‌ని కాస్త పైకి ఎత్తుతూ పోవాలి. అలా ఎత్తితేనే పిన్ దవడల మధ్యకి సరిగ్గా వస్తుంది. లాక్ పడ్డాక ట్రైలర్ బ్రేకు వేసి ఉంచి, తక్కువ గేరులో మెల్లగా ముందుకు ఒకసారి లాగు. కదలకపోతే దిగు. టార్చి వేసి ప్లేటు కింద నుంచి చూడు: దవడలు పిన్ మెడ చుట్టూ మూసుకుని ఉండాలి, రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనిపించకూడదు. లాక్ పిడి లోపలికి పూర్తిగా వెళ్లి, సేఫ్టీ క్లిప్పు పడి ఉండాలి. ఇవన్నీ చూశాకే గాలి పైపులు, కరెంటు వైరు కలిపి, ట్రైలర్ కాళ్లు పూర్తిగా పైకి తిప్పు. రాత్రి ఎంత ఆలస్యమైనా, డ్రైవరు ఎంత తొందరపెట్టినా ఇందులో ఒక్కటీ వదలొద్దు.

ఇంకొకటి మన ఊరి సంగతి. పోర్టు చుట్టూ ఖనిజం దుమ్ము, బొగ్గు దుమ్ము, దాని మీద ఉప్పు గాలి. అవి గ్రీజులో కలిసి ప్లేటునీ పిన్‌నీ అరగదీస్తాయి. పాత గ్రీజు మీద కొత్త గ్రీజు పూయకుండా, పూర్తిగా తుడిచేసి పూయి. పిన్ కొత్తగా ఉన్నప్పుడు 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 49కి అరిగితే మార్చేయాలి. మీ ఓనరుకి చెప్పడానికి భయమైతే ఈ పేజీ చూపించు.

ప్రశ్న: ట్రైలర్ వెనక పల్లంగా ఉంటే వెనక టైర్లలో గాలి ఎక్కువ కొట్టి సరిచేయొచ్చు అంటున్నారు. చేయొచ్చా?
— పెదగంట్యాడ

జవాబు: చేయకూడదు. గాలి ఎక్కువ కొడితే ఎత్తు పావు అంగుళం కూడా పెరగదు, టైరు నడుమ మాత్రమే నేలకి ఆని అక్కడే అరుగుతుంది, ఎండలో పేలుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన గాలే పెట్టి, ఎత్తుని హిచ్ దగ్గరో కమాను పట్టీల దగ్గరో సరిచేయించండి.